చదివిన చిట్టాయే మరల

పురాణమును మరల వినువాని నెవ్వరును వింతగా చూడరు. కథ తెలిసియే జనులు కూర్చుందురు. తెలిసిన కథయే గనుక చెప్పువాడు ఎచ్చట ఆగునో, ఎచ్చట కంటనీరు పెట్టించునో యని కనిపెట్టుకొని యుందురు. కాని ఒకనాడు చూచి, కావలసిన పేరు వ్రాసికొని మూసివేసిన పాత లెక్కల పుటను కొన్నాళ్లకు మరల తెరచి కంప్యూటరు ముందు కూర్చున్నవానిని మాత్రము ఇంటిల్లిపాదియు జాలితో చూచును. "అది అప్పుడే చూసేశారు కదా!" అను ప్రశ్నలో గట్టి నమ్మక మొకటి దాగియున్నది: చిట్టా యనునది ఒక్కమారే మాటాడుననియు, ఆ మాట వినిన పిదప దానితో పని తీరిపోవుననియు. వంశచరిత్రలు వెదకుకొనువారికి ఈ నమ్మకము కంటె చేటు చేయునది మరియొకటి లేదని నా యభిప్రాయము.

మన పెద్దలకు వంశస్మృతి ఒకనాటితో తీరు పని గాదు. శ్రాద్ధకర్మలో తండ్రిని వసురూపునిగను, తాతను రుద్రరూపునిగను, ముత్తాతను ఆదిత్యరూపునిగను పేరెత్తి పిలిచి తిలోదకము లిచ్చుట యేటేట జరుగవలసిన తంతు. తండ్రి గతించి వసుస్థానమున చేరిన నాడు అంతవరకు ఆదిత్యుడై యున్న పెద్దవాడు తన పేరును వదలుకొని పితృదేవతల సామాన్యసమూహములో కలిసిపోవలెను. మూడు తరములకు మించి పేర్లు మోయుట మానవునకు బరువని శాస్త్రకారులు గ్రహించినట్లున్నది. ఆ బరువు మోయుటకు వేరే మనుష్యులే యుండెడివారు. రెడ్ల యిండ్లకును కాపుల యిండ్లకును పిచ్చుకకుంట్లవారు వచ్చి, గోత్రము మొదలుకొని ఇంటిపేరు, మూలపురుషుడు, వాని కొడుకులు, ఆ కొడుకులు వలసపోయిన యూళ్లు వరుసగా పాడి, ధాన్యమో దుడ్డో పుచ్చుకొని పోయెడివారు. మాదిగలకు డక్కలివారును, పద్మశాలీలకు కూనపులివారును ఇట్టి సేవయే చేయుచుండిరి. ఈ గాయకుల విద్యలో నాకు మిక్కిలి నచ్చినది వారి జ్ఞాపకశక్తి కాదు, వారు తిరిగి వచ్చుట. కొన్నేండ్ల కొకసారి అదే గడపకు వచ్చి, పాత పాట పాడుచు నడుమ నాపి, ఈ మధ్య పుట్టినవారెవరు, పోయినవారెవరని యడిగి, విన్నదానిని పాటలో చేర్చుకొని పోయెడివారని మా యూరి పెద్దలు చెప్పగా విన్నాను. చిట్టాను పాడుటయు చిట్టాను సరిచూచుటయు వారికి ఒక్క పనియే.

ఆ పాటలు సన్నగిల్లిన తరువాత మనకు మిగిలినది సర్కారు కాగితము. అందులోను మనవారికి కలిసివచ్చినది తక్కువ. ఇంగ్లండులో నూరేండ్లు నిండిన జనాభా లెక్కలను, అమెరికాలో డెబ్బదిరెండేండ్లు నిండినవానిని పేర్లతో సహా ప్రజల ముందుంచుదురు. 1950 నాటి అమెరికా పట్టికలు 2022 ఏప్రిలు 1వ తేదీన ఇట్లే వెలికి వచ్చినవి. మన దేశమున మాత్రము 1948 నాటి జనగణన చట్టము వ్యక్తుల వివరములను ఎవ్వరికిని చూపగూడదని శాసించినది. దశాబ్దమున కొకసారి ప్రతి గడపకును వచ్చి వ్రాసికొనిపోయిన పేర్లలో ఒక్కటియు వంశాన్వేషికి చిక్కదు. కరణముగారి యింటి అడంగళ్లు భూమి గలవాని పేరే యెరుగును. ఆ కరణీకములును మునసబీలును 1984 జనవరిలో రద్దయినప్పుడు ఎన్ని కట్టలు తాలూకా కచేరీలకు చేరినవో, ఎన్ని అటకల మీద చెదలకు ఆహారమైనవో చెప్పగల నాథుడు లేడు. సెంటు భూమి లేక, కూలిచేసి బ్రతికి, కరువు వచ్చినప్పుడు ఊరు విడిచిపోయినవాని పేరు మరి ఎచ్చట నుండును? చిత్ర మేమనగా, అట్టివాని పేరు ఊరిలో లేదు గాని, కొన్ని వేల మైళ్ల ఆవల సముద్రతీరమున ఉన్నది.

1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ చెన్నపట్టణము నుండి 342 మందిని తీసికొనిపోయి దక్షిణాఫ్రికాలోని డర్బను రేవున దింపినది. అది మొదలు 1911లో ఆ పద్ధతి నిలిచిపోవువరకు, నడుమ కొన్నేండ్ల విరామము పోగా, ఆ రేవు గల నేటాలు వలసరాజ్యపు చెరకుతోటలకును రైలుమార్గములకును బొగ్గుగనులకును ఒప్పందపు కూలీలుగా చేరినవారు 1,52,184 మంది యని లెక్క. వారిలో సుమారు మూడింట రెండు వంతులమంది చెన్నపట్టణమున ఓడ యెక్కినవారే. ఐదేండ్ల ఒప్పందము, మొదటి యేడు నెలకు పది షిల్లింగుల జీతము, గడువు తీరిన పిదప కూలీగా మరల సంతకము చేయక అచ్చటనే నిలిచిపోదలచినవాని నెత్తిపై 1895 చట్టము మోపిన మూడు పౌండ్ల పన్ను, ఆ పన్నుపై 1913లో గాంధీగారు నడపిన సమ్మె. ఇవన్నియు చరిత్ర పుస్తకములలో నున్న సంగతులే. అందు లేనివి ఆ లక్షన్నర వరుసలు.

ఓడలో నెక్కిన ప్రతి ప్రాణికిని ఒక వరుస కలదు: నంబరు, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటిమీది గుర్తులు. తోటనుండి పారిపోయినచో పట్టి తెచ్చుటకును, జీతమును జరిమానాను లెక్కకట్టుటకును వ్రాసిన వరుసలివి. మునిమనుమల కొరకు వ్రాసినవి గావు. డర్బను దస్తావేజుల భాండారములోని ఈ ఓడచిట్టాలను టైపు చేయించి, అచ్చటి విశ్వవిద్యాలయమునకు చెందిన గాంధీ-లుతూలీ పత్రభాండారమువారు ఇంటర్నెట్టులో నుంచినందున, పలమనేరులోనో పాలకొండలోనో కూర్చున్నవాడు సైతము వానిని చదువగలుగుచున్నాడు. మారిషసు వలసచిట్టాలు ఇంకను పాతవి. మోకా పట్టణములోని మహాత్మాగాంధీ సంస్థలో పదిలముగా నున్నవి. 1860ల నుండి అచ్చట కూలీల ఫోటోలు సైతము తీసిరి. నేటాలు చిట్టాలో ఫోటో లేదు. దానికి బదులు "కుడిచెంపపై పుట్టుమచ్చ", "ముంజేతిపై పచ్చబొట్టు", "ఎడమకాలిపై గాయపుమచ్చ" అను మాటలున్నవి. మన పూర్వులలో సామాన్యుని దేహమును గూర్చి ఇంత దగ్గరగా వ్రాసిన వాక్యము మరే కాగితమునందును నేను చూడలేదు. అది ప్రేమతో వ్రాసినది గాదని మరువరాదు. సంతలో పశువును కొనువాడును మచ్చలు చూచియే కొనును.

ఈ వరుసలు చదువబోయిన తెలుగువానికి మొట్టమొదట తగులు దెబ్బ ఇంటిపేరు లేకపోవుట. మనకు మనిషి యనగా ముందు ఇంటిపేరు, పిదప పేరు. చిట్టాలో దానికి గడియే లేదు. అందువలన నేటాలులో కొందరికి తండ్రిపేరే వంశనామమైనది, కొందరికి నాయుడో రెడ్డియో అను బిరుదు వంశనామమైనది. అన్నదమ్ములిద్దరు వేర్వేరు ఓడలలో పోయినచో వారి మనుమలు ఒకరి నొకరు దాయాదులుగా గుర్తింపజాలని స్థితి వచ్చుటకు ఇంతకంటె వేరే కారణ మక్కరలేదు. మన వైపు నుండి వెదకువానికి ఇంటిపేరు తెలియును, తక్కినది తెలియదు. ఆ వైపు నుండి వెదకువానికి నంబరు తెలియును, ఇంటిపేరు తెలియదు. ఇద్దరును ఒకే పుటను రెండు కొసలనుండి చదువుచుందురు.

పేరు తెలిసినను చిక్కు తీరదు. ఊరిలో యెంకటిగాడని పిలువబడినవాడు, ఓడ యెక్కుటకు ముందు కూలీలను నిలుపు డిపోలో తన పేరు వెంకటరాయుడని చెప్పుకొనడు. లేఖరి చెవికి యెట్లు వినబడిన నట్లే ఎక్కును. అది ఇంగ్లీషు లిపిలో ఒకచోట వకారముతోను, ఒకచోట యకారముతోను, మరొకచోట ఎకారముతోను మొదలగును. చిన్నప్ప తమిళుడైన లేఖరి చేతిలో పడినచో సిన్నప్ప యగుట వింత గాదు. ఇక వెదకుడు యంత్రముల సంగతి: ఉచ్చారణ దగ్గరగా నున్న పేర్లను కలిపి చూపుటకు అవి యాశ్రయించు పద్ధతులలో ముఖ్యమైనది సౌండెక్సు; 1918లో అమెరికాలో రాబర్టు రస్సెలు అనునతడు హక్కుపత్రము పొందిన ఉపాయము. పేరులోని మొదటి అక్షరమును ఉన్నదున్నట్లు నిలిపి, అచ్చులను విడిచి, తక్కిన హల్లులను ఆరు గుంపులుగా చేసి అంకెలు వేయుట దాని మర్మము. అమెరికావారి స్మిత్తులకును ష్మిడ్తులకును అది చక్కగా పనిచేయును. మొదటి అక్షరమే మారిపోవు మన యెంకటికిని చిన్నప్పకును మాత్రము ఆ యంత్రము "లేడు" అని నిర్దాక్షిణ్యముగా చెప్పును. లేకపోవుట వేరు, దొరకకపోవుట వేరు. ఈ రెంటికిని యంత్రము ఒక్క మాటయే వాడును గనుక భేదము చదువరియే తెలిసికొనవలెను. అందుచేత యంత్రమును నమ్మక, ఓడ పేరు పట్టుకొని మొదటి వరుసనుండి చివరి వరుసదాకా కంటితో చదువుటయే ఉత్తమమని చేయి తిరిగినవారందరు చెప్పుదురు. రాత్రి భోజనమైన పిదప ఒక ఓడను చదివి పడుకొను అలవాటు నాకు ఇట్లే అబ్బినది. నిద్రపట్టనివారికి ఇంతకంటె మంచి మందు లేదు, ఆ వరుసలలో పసిపిల్లల వయస్సులు కంటబడువరకు.

ఊళ్ల పేర్లు మరియొక వలయము. నేటి చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినది. అంతకు ముందు చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలు ఉత్తర ఆర్కాడు జిల్లాలోనివి. నేటాలుకు ఓడలు పోయిన కాలమంతయు దాదాపుగా ఆ పాత లెక్కయే. కాబట్టి డర్బనులో ఒక తెలుగు కుటుంబమువాడు తన ముత్తాత వరుసలో ఉత్తర ఆర్కాడని చూచి, నేటి తమిళనాడు పటమును ముందు పరచుకొని ఆర్కాడు చుట్టుపట్ల గ్రామములు వెదకుచు నిరాశపడుట సహజము. గంజాము జిల్లా యని కనబడినవాడు ఒడిశాకు పోవును. 1936లో ఆ జిల్లాను విడదీయునప్పుడు ఇచ్ఛాపురము, సోంపేట, టెక్కలి వైపు భాగము ఇవతలనే నిలిచినదని, 1950లో శ్రీకాకుళము జిల్లా పుట్టినదని వానికెట్లు తెలియును? చికాకోలు శ్రీకాకుళమని, కొకనాడ కాకినాడ యని మనకు తెలిసినంత తేలిక గాదు వారికి. మనవారును గర్వపడ నక్కరలేదు. 2022లో పదమూడు జిల్లాలు ఇరువదియారు కాగానే మన పిల్లలకే తమ తాతగారి జిల్లా యేదో చెప్పుట కష్టమైనది. సరిహద్దు మారినప్పుడెల్ల పాత చిట్టాను కొత్త పటముతో మరల చదువవలసినదే.

మా అవ్వకు ఒక చిన్నాయన ఉండెడివాడు. పలమనేరు తాలూకాలోని మా యూరినుండి, అప్పులబాధకు తాళలేక, వెనుకటి శతాబ్దమునకు ముందటి శతాబ్దము చివర ఒక కరువునాడు రాత్రికి రాత్రి వెడలిపోయెనని, చెన్నపట్టణములో ఓడ యెక్కెనని యింటిలో చెప్పుకొనెడివారు. పండ్రెండేండ్లు ఎదురుచూచి, ఆచారము ప్రకారము దర్భలతో బొమ్మ చేసి దహించి కర్మ జరిపిరట. 1872 నాటి సాక్ష్యచట్టము ఏడేండ్లు జాడ తెలియనివానిని చచ్చినవానిగా ఎంచుటకు ఒప్పుకొనెడిది. మన యాచారమునకు ఓపిక మరి యైదేండ్లు ఎక్కువ. అవ్వ ఆయనను చూడలేదు. కాని చిన్ననాడు కపిల తోలునప్పుడు మోకు చుట్టుకొని ఆయన ఎడమకాలు చీలినదని, ఆ మచ్చ చచ్చువరకు పోలేదని చెప్పెడిది. చచ్చినదెప్పుడో తెలియనివానికి చచ్చువరకు మచ్చ పోలేదని చెప్పుటలో ఆమెకు ఎట్టి విరోధమును కనబడలేదు.

నేను మొదటిసారి వెదకినప్పుడు ఇంటర్నెట్టులో నున్నది టైపు చేసిన పట్టిక మాత్రమే. ఇరువదిరెండేండ్ల వయస్సు, ఉత్తర ఆర్కాడు, పలమనేరు తాలూకా, తండ్రిపేరులో ఒక్క అక్షరమే తేడా, ఎడమ ముంగాలిపై గాయపుమచ్చ. అవ్వ మాట నిజమైనది. ఆ వరుసను కాగితముపై వ్రాసికొని, దాయాదులకెల్ల ఫోను చేసి చెప్పి, పుటను మూసితిని. అప్పటి నా ప్రశ్న "ఉన్నాడా, లేడా" అనునదే. "ఉన్నాడు" అని చిట్టా బదులు చెప్పినది. అడిగినంతవరకే చెప్పుట చిట్టాల స్వభావము; అంతకు మించి ఒక్క మాట జారదు.

చాలకాలమునకు ఆ వలసలను గూర్చి చరిత్రకారులు వ్రాసినవి చదువుచు, నూరుగురు పురుషులకు నలువదిమంది స్త్రీలుండవలెనను నియమము ఆ ఓడలకు ఉండెడిదని తెలిసికొంటిని. స్త్రీలు చాలక ఓడలు రేవున నిలిచిపోయెడివి; కాబట్టి జంటగా వచ్చినవారిని, ఒంటరిగా వచ్చిన స్త్రీని కూలీలను కూర్చు మేస్త్రీలు ఎదురేగి తీసికొనిపోయెడివారు. అప్పుడు నాకొక కొత్త ప్రశ్న పుట్టినది. ఉన్నాడా లేడా కాదు, ఎవరితో పోయెను? అదే పుటను మరల తెరచితిని. ఈలోపల అచ్చట టైపు పట్టిక ప్రక్కన అసలు పుటల ఛాయాచిత్రములు చేరియున్నవి. ఆయన వరుసకు క్రిందనే, తరువాతి నంబరుతో, పందొమ్మిదేండ్ల స్త్రీ యొకతె. తండ్రిపేరు కలదు, భర్త మాట లేదు. కులము వేరు. ముంజేతిపై పచ్చబొట్టు. గ్రామము మా యూరే. లేఖరి ఒకే యూరిని వరుసగా రెండు గడులలో రెండు విధముల వ్రాసియుండుటచేత, ఊరిపేరుతో వెదకిన నాడు యంత్రము ఆమెను నాకు చూపలేదు. టైపు పట్టికలో విడిచిపెట్టిన చివరి గడి ఒకటి ఛాయాచిత్రములో కనబడినది. వేరే సిరాతో, వేరే చేతితో, ఇద్దరికిని ఎదురుగా ఒకే తోట పేరు వ్రాసియున్నది.

ఇంతవరకు చూచిన పాఠకుడు కథ నల్లుకొనక మానడు; నేనును అల్లుకొంటిని. అప్పు ఒక్కటే యైనచో రాత్రికి రాత్రి పోవలసిన పని యేమి? అప్పులబాధ అను మాట మా యింటిలో అంత తేలికగా, అంత పదేపదే, ఎవ్వరును అడుగకయే ఎందుకు చెప్పుచుండిరి? అయినను చిట్టా చెప్పినది అంత కాదు. ప్రక్కప్రక్క నంబరులు ఒకేనాడు ఒకే మేస్త్రీ తెచ్చినవారికి పడుట మామూలే. ఒకే ఓడలో దిగినవారిని గుంపులుగా ఒకే తోటకు పంపుటయు మామూలే. డిపోలో కులము మార్చి చెప్పుకొన్నవారు కలరని, ఆ గడిని నమ్మి తీర్మానములు చేయరాదని తెలిసినవారు హెచ్చరింతురు. భార్యాభర్తలని వ్రాయలేదు, కారని వ్రాయలేదు. రెండవమారు చదివినప్పుడు చిట్టా నాకు జవాబు చెప్పలేదు, నా దగ్గరనున్న జవాబును లాగికొన్నది. దీని కొరకే మరల చదువవలెనని నా వాదము. తొలిసారి మనము తెలిసినదానికి సాక్ష్యము వెదకుదుము. సాక్ష్యము దొరికిన సంతోషములో దాని ప్రక్కన నున్నది కంటికానదు.

ఇంటర్నెట్టు చిట్టాలకు మరియొక ధర్మము కలదు. అచ్చుపుస్తకమువలె అవి నిలువవు. అమెరికాలోని ఉటా రాష్ట్రపు మోర్మను సంఘమువారు 1938 మొదలుకొని లోకమంతట తిరిగి దస్తావేజులను మైక్రోఫిల్ములుగా తీయించి, సుమారు 24 లక్షల చుట్టలు కూడబెట్టి, వానినన్నిటిని కంప్యూటరు కెక్కించుట 2021లో ముగించిరి. అందు చాల భాగము బొమ్మలుగానే యున్నది. పేర్ల సూచిక పిదప కొంచెము కొంచెముగా చేరుచున్నది. నిన్న వెదకినప్పుడు రాని పేరు రేపు వచ్చుటకు ఇది ఒక కారణము. పుట పెరుగుటయే గాక అదృశ్యమగుటయు కలదు. 2023 అక్టోబరులో దొంగలు కంప్యూటర్లపై దాడిచేసినప్పుడు లండనులోని బ్రిటిషు లైబ్రరీవారి సూచికయే నెలలతరబడి మూతబడినది. ఈస్టిండియా కంపెనీ నాటి మన దేశపు కాగితములలో ముఖ్యభాగమునకు ఆ సూచికయే ద్వారము. అందుచేత చూచిన ప్రతి పుటను దింపుకొని, చూచిన తేదీ వేసి దాచుకొనుట నాకు నియమమైనది. ఇతరులు కట్టిన వంశవృక్షములను మాత్రము దింపుకొనను. ఒకరు తోచినది వ్రాయగా నూరుగురు దానిని ఎత్తివ్రాసికొన్నచో, నూరుసార్లు కనబడినదని నమ్ముట మనుష్యస్వభావము. సాక్షి మాత్రము ఒక్కడే.

ఇంత చెప్పి బర్మా మాట చెప్పక విడుచుట న్యాయము గాదు. కాకినాడ, విశాఖపట్టణము, కళింగపట్టణము రేవులనుండి రంగూనుకు పోయిన తెలుగువారి సంఖ్య ముందు నేటాలు లెక్క చాల చిన్నది. రంగూను ఓడరేవు మోతకూలీలలో ఎక్కువమంది తెలుగువారే. 1930 మే నెలలో అచ్చట చెలరేగిన అల్లర్లలో దెబ్బలు తిన్నవారును వారే. అయినను శ్రీకాకుళము పల్లెలో "మా తాత రంగం పోయాడు" అని చెప్పువానికి చూపుటకు ఒక్క వరుస లేదు. 1937 వరకు బర్మా ఇండియాలో భాగము; ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు పోవువానికి అనుమతిపత్ర మక్కరలేదు, ఒంటిమచ్చలు వ్రాయు లేఖరి యక్కరలేదు. ఓడకు ఇన్ని తలలని లెక్క వేసిరి, అంతే. ఒప్పందమునకు కట్టుబడిన కూలీకి పేరు, తండ్రి, ఊరు, మచ్చ మిగిలినవి. చట్టము దృష్టిలో స్వేచ్ఛగా పోయినవానికి అంకెలో ఒక పాలు మిగిలినది. కాగితమున్నదని సంతోషించునప్పుడెల్ల ఆ కాగితము ఎందుకు పుట్టినదో తలచుకొన్నచో మన సంతోషము కొంత అదుపులో నుండును.

మా అవ్వ చిన్నాయన సంగతిలో నాకు మిగిలిన దారి నంబరు. నేటాలులో 1891 చట్టము తరువాత కూలీల వివాహములను వలసరక్షకుడను అధికారి యొద్ద నమోదు చేయించవలసియుండెను. పేరు మారినను, వంశనామము పుట్టినను, తోట మారినను, ఓడ దిగిననాడు పడిన నంబరు చచ్చుదాకా మనిషిని విడువదు; తరువాతి కాగితములలో సైతము అదియే గుర్తు. పేరుతో గాక రెండు నంబరులతో వెదకవలెను. ఆ యేండ్ల పుటలు ఇంకను పూర్తిగా ఎక్కలేదు. నెల కొకసారి పోయి చూచి వచ్చుచున్నాను.

ఈ రెండవ వరుసను గూర్చి పలమనేరులోనున్న మా చిన్నాయన కొడుకుతో ఫోనులో చెప్పగా అతడు కొంతసేపు పలుకలేదు. "ఏందన్నా, నూరేండ్ల నాటి మాట ఇప్పుడు తవ్వేదెందుకు? పాపకు సంబంధాలు చూస్తా ఉండాము" అన్నాడు. తప్పుపట్టదగిన మాట గాదు. పెండ్లిచూపులకు వచ్చువారు మూడు తరముల సంగతియే యడుగుదురని, ఇది అయిదవ తరముదని సర్దిచెప్పబోయితిని. అతనికి నా లెక్కలు రుచింపలేదు. మా యూరిలో ఆమెవారి వీధి ఈనాటికిని ఆ వీధియే. అతడు రోజును ఆ ప్రక్కనుండియే పొలమునకు పోవును.

పది దినములకు అతడే ఫోను చేసెను. పాప సంబంధము మాట కొంత, వాన మాట కొంత జరిగిన పిదప, గొంతు తగ్గించి, "అన్నా, ఆయమ్మ నాయన పేరేమంటివి? ఆ వీధిలో ముసలామె ఒకామె ఉంది, తొంబై దాటింది. అడిగి చూసేదా?" అన్నాడు. అడుగుమంటిని. కాని పేరు తాను చెప్పవలదని, ఓడ మాట యెత్తవలదని, నేటాలు మాట అసలే వలదని, వారి యింటినుండి వెనుకటి కాలమున ఊరు విడిచిపోయిన ఆడపిల్ల యెవరైన ఉన్నదా యని మాత్రమే యడిగి, ఆమె చెప్పినది చెప్పినట్లు వ్రాసికొని రమ్మంటిని. మన కథ ముందుగా ఆమె చెవిని వేసితిమా, ఆమె నోట మరల మన కథయే వినబడును.

"పెన్నూ కాగితం ఎత్తుకోనా, ఫోనులో రికార్డు చేసేదా?" అని యడిగినాడు.

రెండును చేయుమంటిని.